పొగాకు లెక్కలు: నాలుగో సర్వే, ఐదో సర్వే పక్కపక్కన పెట్టొచ్చా?

ప్రశ్న (హన్మకొండ): అన్నా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 (నాలుగోది), 2019-21 (ఐదోది) ఫ్యాక్ట్‌షీట్లల్ల (ముఖ్యమైన అంకెల పట్టికలల్ల) ఉన్న పొగాకు శాతాలు తీసివేసి వరంగల్ల మార్పు ఇంత అని రాయొచ్చా?

జవాబు: వద్దు తమ్మీ. పాత షీట్ల 15-49 ఏళ్లోళ్లే, ఎవరిని వాళ్లనే అడిగిన్రు. కొత్త షీట్ల 15 దాటినోళ్లంతా. చుట్ట తాగే ముసలోళ్లు కలిస్తే శాతం మారదా మరి! పైగా కొత్త దాంట్ల ఇంట్ల ఒక్కరే అందరి గురించి చెప్తరు. కొడుకు గుట్కా నాయనకు ఎరుకేనా?

జవాబు: యూనిట్ డేటా (ఒక్కొక్కరి జవాబు విడిగా ఉండే ఫైలు) దించుకోండి. రెండిట్లోనూ 15-49 ఉంచి బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా లాంటివి ఏది వాడినా 1, ఏదీ వాడకపోతే 0 వేయండి. వెయిట్‌ను (ఒక్కో జవాబుకు లెక్కలో ఎంత బరువో చెప్పే అంకెను) 10,00,000తో భాగించాలి. మగవాళ్ల వెయిట్ వేరు, అక్కడే చాలామంది తప్పుతారు.

జవాబు: పాత వరంగల్ జిల్లా 2016లో ముక్కలైంది. మగవాళ్ల శాంపిల్ కూడా జిల్లాకు చాలదు. రాష్ట్ర స్థాయి లెక్క దగ్గరే ఆగండి.