పాత లెగో అంతరిక్ష నౌకకి పసుపు అద్దం ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో నా లెగో గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ (ప్లాస్టిక్ ముక్కలు పేర్చి కట్టే అంతరిక్ష నౌక బొమ్మ) బయటపడింది. 1979 నాటి సెట్టు. ఓడలో పనిచేసే మా మావయ్య ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు. కరెంటు పోయిన రాత్రుళ్లు లాంతరు వెలుగులో దాన్ని మా వీధి అరుగు మీదే చంద్రుడిపై దింపేవాణ్ణి. వెనక తలుపులు తెరిస్తే బుల్లి బండి దిగేది. ఆ తలుపులు ఇప్పటికీ టక్కున తెరుచుకుంటున్నాయి!

నలుగురు వ్యోమగాములూ ఉన్నారు, ఇద్దరు ఎరుపు, ఇద్దరు తెలుపు. ఒక ఎర్రవాడి హెల్మెట్ గడ్డం దగ్గర విరిగింది. ముందుండే పసుపు అద్దం ఒకటి లేదు. బూడిదరంగు ముక్కలు కొన్ని పచ్చబడ్డాయి.

2022లో వచ్చిన 1254 ముక్కల కొత్త సెట్టు బాగుంది కానీ, నాకు మావయ్య తెచ్చిందే కావాలి. ఆయన ఇప్పుడు లేరు.

విడి ముక్కలు నమ్మకంగా అమ్మేవాళ్లు విశాఖలో గానీ ఇంకెక్కడైనా గానీ ఉన్నారా? హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేసి ఎండలో పెడితే పచ్చదనం పోతుందంటున్నారు. చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, ముక్కలు పెళుసెక్కాయా, రంగు మళ్లీ తిరిగిందా, దయచేసి చెప్పండి.