నార్త్ మయామీకి కొత్త: హైతీ కొట్లో ఏం కొనుక్కోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నార్త్ మయామీలో గది దొరికింది. ఇండియన్ స్టోర్‌కి వెళ్లాలంటే కారుండాలి, నడిచే దూరంలో ఉన్నవన్నీ హైతీ కొట్లే. సంచుల మీద పేర్లు అర్థం కావడం లేదు. మాంసం, చేపలు తినను. పక్కింటి హైతీవాళ్లు జనవరి 1న సూప్ తాగడానికి రమ్మన్నారు. ఏం కొనుక్కోవచ్చు, ఏది చూసుకుని తినాలి?

జవాబు, మయామీ నుంచి

ముందు ‘ప్వా కొంగో’ అని రాసున్న సంచి తీసి చూడండి. అవి అచ్చంగా మన కందులే, పొట్టు తీయనివి. కంది మొదట సాగులోకి వచ్చింది మన దేశంలోనే. దాని అడవి చుట్టం ఇప్పటికీ ఒడిశా, బస్తర్ వైపు కొండల్లో పెరుగుతుంది. ఇక్కణ్నుంచి ఆఫ్రికాకు, అక్కణ్నుంచి బానిసల ఓడల కాలంలో కరీబియన్ దీవులకు చేరింది. పేరులో ‘కొంగో’ మిగలడం ఆ మధ్య మజిలీ వల్లే. పచ్చి కందికాయలు ఒలిచిన గింజలు ఫ్రీజర్లో కూడా దొరుకుతాయి. అవైతే నానబెట్టే పని లేదు.

దీంతో చేసే అన్నం ‘దిరి అక్ ప్వా కొంగో’. దానికి ముందు ‘ఎపిస్’ నూరి పెట్టుకోవాలి. మనకు అల్లం వెల్లుల్లి ముద్ద ఎలాగో వాళ్లకు ఇది అలాగ. పార్స్‌లీ ఒక కట్ట, ఉల్లికాడలు 6, వెల్లుల్లి రెబ్బలు 10, పచ్చ కాప్సికమ్ 1, థైమ్ ఆకు చెంచాడు, లవంగాలు 2, నిమ్మరసం 2 చెంచాలు, నూనె అర కప్పు. మిక్సీ తిరగడం లేదని నీళ్లు పోయకండి, త్వరగా పాడవుతుంది. నూనే పోయండి. వెల్లుల్లి నూనెలో ఉంది కాబట్టి బయట అస్సలు ఉంచొద్దు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకు మించితే ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోండి.

ఎండు కందులు ఒక కప్పు రాత్రంతా నానబెట్టి, మెత్తబడాలి గానీ పొట్టు చిట్లకూడదు, అంతవరకే ఉడికించండి. నీళ్లు వార్చి దాచండి, రంగూ రుచీ అందులోనే ఉన్నాయి. గిన్నెలో 3 చెంచాల నూనె వేసి, ఎపిస్ 2 చెంచాలు వేయించి, ఉడికిన కందులు వేసి పైన కాస్త పెళుసెక్కేదాకా కదపండి. చాలామంది తొందరపడి వదిలేసేది ఈ మెట్టే. వదిలేస్తే అన్నం చప్పగా, కందులు పిండిపిండిగా తగులుతాయి. దాచిన నీటికి మామూలు నీళ్లు కలిపి మొత్తం మూడున్నర కప్పులు చేసి పోయండి. ఉప్పు, థైమ్ రెమ్మ వేయండి. తెర్లాక కడిగిన పొడుగు బియ్యం 2 కప్పులు. నీళ్లు బియ్యం మట్టానికి ఇంకాక, ఒక ‘పిమన్ బుక్’ మిరపకాయను తొడిమతో, గాటు పడకుండా పైన పెట్టి, మూతపెట్టి సన్నసెగ మీద 20 నిమిషాలు. తర్వాత కాయను జాగ్రత్తగా ఎత్తి తీసేయాలి. అది చిట్లిందా, గిన్నెడు అన్నమూ నోట పెట్టలేరు.

అడుగున కరకరలాడే మాడు చెక్కను ‘గ్రాతెన్’ అంటారు. దానికోసం పోటీ పడతారు, పారేయకండి.

మళ్లీ ప్రశ్న

ఇంట్లో కందిపప్పు, బాస్మతి ఉన్నాయి. వాటితో కుదరదా?

జవాబు, మయామీ నుంచి

కందిపప్పుతో కుదరదండి, బద్ద కరిగి ముద్దయిపోతుంది. బాస్మతి పర్వాలేదు, నీళ్లు 3 కప్పులకు తగ్గించండి. ఆ పప్పును ‘సోస్ ప్వా’ లాగా వాడుకోండి: చిక్కుడు జాతి గింజలు ఏవైనా మెత్తగా ఉడికించి, మెదిపి, ఎపిస్, కాస్త కొబ్బరిపాలు పోసి జారుగా మరిగిస్తారు, తెల్లన్నం మీద పోసుకుంటారు. నల్ల బీన్స్‌తో చేసింది చాలా బాగుంటుంది.

జవాబు, బ్రూక్లిన్ నుంచి

మాంసం తినరు కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ‘లెగిమ్’ అన్న పేరు చూసి కూరగాయల కూర అనుకోవద్దు. వంకాయ, క్యాబేజీ, ‘మిలితోన్’ అంటే మన బెంగళూరు వంకాయ కలిపి మెదిపిన కూరే గానీ, అందులో గొడ్డుమాంసమో పీతలో మామూలుగా ఉంటాయి. సోస్ ప్వాలోనూ ఒక్కోసారి ఉప్పు పంది ముక్క వేస్తారు. మసాలా క్యూబ్‌ల మీద కోడి బొమ్మ లేకపోయినా పదార్థాల పట్టీ చదవండి. హోటల్లో “ఎస్కె గెన్ వ్యాన్ లాదన్?” అనడగండి, ఇందులో మాంసం ఉందా అని.

పేర్లలో ఇంకో చిక్కు. ‘బనాన్’ అంటే కూర అరటి. పండు అరటిని ‘ఫిగ్’ అంటారు. ‘కలలు’ అంటే బెండకాయ. ‘మంబా’ వేరుశనగ ముద్ద, చాలావాటిలో కారం కలుపుతారు. ‘పితిమి’ని కొర్రలనుకుని అలాగే వండబోయి అవస్థ పడతారు, అవి జొన్నలు. జొన్నది ఆఫ్రికా పుట్టిల్లు. దక్కనుకు వేల ఏళ్ల కిందే వచ్చింది, హైతీకి బానిసలతో పాటు వెళ్లింది. దంచినది దొరికితే జొన్నన్నం వండినట్టే వండండి.

జవాబు, మాంట్రియల్ నుంచి

‘పిక్లిజ్’ గురించి ఎవరూ రాయలేదు. సన్నగా తరిగిన క్యాబేజీ 4 కప్పులు, క్యారెట్ 1, చిన్న ఉల్లిపాయ 1, పిమన్ బుక్ 4, మిరియాలు 8, లవంగాలు 4, ఉప్పు చెంచాడు, మునిగేంత తెల్ల వెనిగర్. గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి మూడో రోజు నుంచి తినండి. పైన ముక్కలు వెనిగర్‌లోంచి తేలితే బూజు పడుతుంది. గుంటూరు మిరప అలవాటే కదా అని ఈ కాయను చేత్తో తరగొద్దు. ఇది వేరే జాతి, పండు వాసన ముందొచ్చి ఘాటు తర్వాత తగులుతుంది. గ్లవుజులు వేసుకోండి. ఆవకాయలా అన్నంలో కలుపుకునేది కాదిది. వేపుళ్ల పక్కన నంజుకోవాలి, ముఖ్యంగా ‘బనాన్ పెజే’తో. పచ్చి అరటిని రెండు సెంటీమీటర్ల మందాన ఏటవాలుగా కోసి, మధ్యస్థ సెగ మీద వేయించి, అదిమి, ఉప్పు వెల్లుల్లి నీళ్లలో ముంచి, తడి బాగా తుడిచి మళ్లీ వేయిస్తారు. పసుపెక్కిన కాయ అదిమితే చితికిపోతుంది.

పులుపుకి వాళ్లు వాడే ‘జొరంజ్ సి’ మన నారింజే, పులిహోరకు పిండేది. నారంగ అన్న మాట పర్షియన్, అరబ్బీ, ఫ్రెంచి నోళ్లలో నలిగి అక్కడ జొరంజ్ అయింది.

‘జోన్ జోన్’ అనే ఎండు నల్ల పుట్టగొడుగులు ఉత్తర హైతీవి, ఖరీదు. ఒక కప్పు పుట్టగొడుగులు 4 కప్పుల వేడినీళ్లలో అరగంట నాని, పది నిమిషాలు మరిగాక, గుడ్డలో వడకట్టి పిండి, ఆ నల్లనీళ్లతో అన్నం వండాలి. పిప్పి పారేయండి, ఇసుక తగులుతుంది.

జవాబు, బ్రూక్లిన్ నుంచి

ఆ సూప్ పేరు ‘సూప్ జోము’. 1804 జనవరి 1న హైతీ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అంతకుముందు బానిసలు దాన్ని యజమానులకు వండడమే గానీ తాగే హక్కు లేదని చెబుతారు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లకిది మామూలు విందు కాదు, పిలిచారంటే తప్పక వెళ్లండి. అయితే అందులో గొడ్డుమాంసం ఉంటుంది, రెండు రోజుల ముందే చెప్పండి. అప్పటికప్పుడు గిన్నె ముందు కూర్చుని వద్దనడం వాళ్లకూ మీకూ ఇబ్బంది.

మీరే వండుకుని ఒక గిన్నె పట్టుకెళ్లినా బాగుంటుంది. జోము మన తియ్యగుమ్మడి జాతే, బటర్‌నట్ కూడా పనికొస్తుంది. కిలోన్నర చెక్కు తీసి ఉడికించి మెత్తగా చేయండి. ఎపిస్ 3 చెంచాలు వేయించి, ఆ గుజ్జు, 8 కప్పుల నీళ్లు, బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్, క్యాబేజీ ముక్కలు, లవంగాలు 3 వేయండి. ముక్క మెత్తబడ్డాక గుప్పెడు మాకరోనీ. దీన్ని ముందే వేస్తే సూప్ అంతా పీల్చుకుని ఉప్మాలా బిగుసుకుంటుంది. నిమ్మరసం దించాకే పిండండి.