గుర్రానికి నేర్పగలను, మనుషులకు నేర్పాలంటే అమెరికా కోర్సు చేయాలా?

లాయం కుర్రాడు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మా నాన్న రేసుగుర్రాలకు సాయిసు. పోయినేడాది ఒక గుర్రం ట్రక్కు ఎక్కనని మొండికేస్తే నలుగురం తాళ్లేసి లాగాం, వెనక నుంచి కర్రతో అదిలించాం. కాలు చీరుకుపోయింది. తర్వాత ‘నేచురల్ హార్స్‌మన్‌షిప్’ (గుర్రాన్ని బలవంతం చేయకుండా మెత్తగా నేర్పే పద్ధతి) వీడియోలు చూసి, తాడు కొంచెం బిగించడం, అది ఒక్క అడుగు వేయగానే వదిలేయడం మొదలుపెట్టాను. పన్నెండో రోజు దానంతట అదే ఎక్కింది. ఇప్పుడు ఇది నలుగురికీ నేర్పాలని ఉంది. అమెరికా కోర్సు సర్టిఫికెట్‌కు లక్షల్లో అవుతోంది. అప్పు చేయొచ్చా?

రైడర్_87:
సర్టిఫికెట్ ఉంటే ఫీజు అడగడానికి ధైర్యం వస్తుంది బ్రో. అంతకుమించి ఏమీ రాదు.

డెంటన్ అక్క:
తమ్ముడూ, అప్పు మాత్రం చెయ్యకు. ఈ పద్ధతిని ఊరూరా చూపించిన రే హంట్ దగ్గర ఏ సర్టిఫికెట్ ఉంది? హాండో అనే గుర్రం ఎంతకీ లొంగకపోతే టామ్ డోరెన్స్ అనే పెద్దాయనని సాయం అడిగాడు. అక్కడ కళ్లు తెరుచుకున్నాయి. 1970ల నుంచి తనే క్లినిక్‌లు, అంటే శిక్షణ శిబిరాలు, పెట్టడం మొదలుపెట్టాడు. నీకు ఆ ట్రక్కు గుర్రమే హాండో అనుకో.

నా సంగతి చెబుతా. టెక్సస్‌కి డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేసే వీల్లేదు. పక్కనున్న లాయంలో వాలంటీర్‌గా పేడ ఎత్తాను. మా అమ్మకి ఫోన్లో చెబితే ‘ఇందుకా నిన్ను ఎంటెక్ చదివించింది’ అంది. కొన్నేళ్లకు ప్రభుత్వం దత్తతకిచ్చే అడవి గుర్రాల్లో ఒక ఆడదాన్ని తెచ్చుకున్నాం. మెడకి ఎడమవైపు ప్రభుత్వం వేసిన తెల్లటి గుర్తుల వరస ఉంటుంది వాటికి. మొదటి మూడు వారాలు నేను కుడివైపుకి వస్తే చాలు, కంచెకి అతుక్కుపోయేది. ఎడమ నుంచి అలవాటు చేసింది కుడి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. తాడు వదలడం అర సెకను ఆలస్యమైతే, అప్పటికి అది తల ఎగరేస్తూ ఉంటే, తల ఎగరేయడమే నేర్చుకుంటుంది. బిగించడం ఎవరికైనా వచ్చు. వదలడమే పాఠం.

ఇదంతా వచ్చాక నాకు నేర్పడం కూడా వచ్చేసిందనుకున్నా. మొదటి క్లాసులో ఒకావిడ తాడు లాగేస్తుంటే, ఆగలేక ఆవిడ చేతిలోంచి తీసుకుని నేనే చేసేశాను. గుర్రం బుద్ధిగా వెనక్కి నడిచింది. ఆవిడకి ఏమీ రాలేదు! ఇప్పుడు మొదటి గంట గుర్రం జోలికే పోను. తాడు ఒక చివర స్టూడెంట్‌కి, రెండో చివర నాకు. నేను కళ్లు మూసుకుని గుర్రంలా నిలబడతా. ఎవరి చెయ్యి ఎంత మొరటుదో నా భుజానికి తెలిసిపోతుంది.

ఒకటి, ‘నేచురల్’ అన్న మాటని నమ్మి పొంగిపోకు. ప్రకృతిలో కట్టుతాళ్లూ జీనూ లేవు. అది సగం అమ్ముకునే పేరు. గుర్రంతో మెత్తగా ఉండమని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫోన్ రాశాడు.

పశువైద్యుడు:
అక్క చెప్పింది సరే, ఒక మాట కలుపుతాను. మొండితనం అనే ముందు పళ్లు, వెన్ను, డెక్కలు చూపించండి. వెలుతుర్లోంచి చీకట్లోకి వెళ్తే గుర్రం కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. ట్రక్కు లోపల దానికి నల్లటి గొయ్యిలా కనబడి ఉండొచ్చు. లోపల లైటు వేస్తే సగం పేచీలు ఉండవు.

లాయం కుర్రాడు:
డాక్టర్ గారూ, మా ట్రక్కులో లైటే లేదు. రేపే పెట్టిస్తాను.

అక్కా, నిన్న సాయంత్రం మా నాన్నకి తాడిచ్చి కళ్లు మూసుకున్నాను. ఒక్క లాగుడికి ముందుకి తూలిపడ్డా. ‘నేను గట్టిగా లాగలేదురా’ అన్నారు. నాలుగోసారికి రెండు వేళ్లతోనే పట్టుకున్నారు. ఆదివారం ఇంకో ఇద్దరు సాయిసుల్ని కూడా తీసుకొస్తానంటున్నారు. ముగ్గురితో మొదలుపెట్టొచ్చా, ఎక్కువా?