దశమభాగం సంచిలో వెయ్యకుండా పక్కింటి రోగికిస్తే దొంగతనమా?

మార్త_తెనాలి:
అందరికీ వందనాలండి. మా వీధిలో ఒకావిడకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటోంది. డయాలసిస్ ఆరోగ్యశ్రీలోనే అయిపోతుంది (పేరు మారింది గానీ మా ఇంట్లో ఇంకా అదే అంటాం). డబ్బు పోయేదల్లా రానూపోనూ ఆటోకి, బయట కొనే మందులకి. వాళ్ళాయన పెయింటింగ్ పనికెళ్తాడు. ఈవిడ వెంట వెళ్ళిన రోజు కూలి పోయినట్టే. ఈ నెల నా దశమభాగం కవరు (జీతంలో పదోవంతు, సంఘం కానుకల సంచిలో వెయ్యాల్సింది) తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇంట్లో పెద్ద గొడవ. మావారు బైబిల్లో మలాకీ మూడో అధ్యాయం తీసి చదివి, దేవుని దగ్గర దొంగిలించావన్నారు. ముందు సంఘానిది సంఘానికిచ్చి, పైన మిగిలితే వీళ్ళకివ్వాలట. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పైన ఏం మిగులుతుందో ఆయనే చెప్పాలి. తెలిసినవాళ్ళు వాక్యప్రకారం చెప్పండి.

పాస్టరుకొడుకు:
వందనాలు అక్కా. మీ మనసు మంచిది. కానీ బావగారు చెప్పింది వాక్యమే. "నా మందిరములో ఆహారముండునట్లు" అనుంది. ఆ ఆహారం ఎవరికి? మందిరంలో సేవ చేసే లేవీయులకి. పన్నెండు గోత్రాలూ భూమి పంచుకుంటే వాళ్ళకి సెంటు రాలేదు. ఇవాళ ఆ చోట ఉన్నది సంఘ సేవకుడు. సువార్త చెప్పేవాడు సువార్తవల్లే బతకాలని 1 కొరింథీ 9లో పౌలు కూడా రాశాడు. మీరు ఆవిడకిచ్చింది కానుక, మంచిదే. దశమభాగం వేరే ఖాతా.

ఒంగోలుగిత్త:
ఖాతాలు వేరని ఎవరు చెప్పారు తమ్ముడూ? ద్వితీయోపదేశకాండం 14 చివర చూడు. మూడో ఏటి పదోవంతు ఊళ్ళోనే ఉంచాలి. లేవీయుడు తినాలి, వాడితోపాటు పరదేశి, తండ్రిలేని పిల్ల, విధవరాలు తినాలి. మలాకీని ప్రతి గుడి గోడ మీదా రాస్తారు, క్యాలెండర్ మీద వేస్తారు. ఇది ఏ గోడ మీదా నేను చూళ్ళేదు.

మా ఒంగోలు సంగతి కూడా చెప్పాలి. ధాత నామ సంవత్సరపు కరువులో మిషనరీ క్లౌ దొర ఏం చేశాడు? బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, చచ్చిపోతున్న జనానికి పని చూపించాడు. కరువున్నన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినవాళ్ళకి ఇవ్వలేదు. అన్నం కోసం కలిశారనే మాట పడకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. ముందు కడుపు చూశాడు. మార్తమ్మా, నీ కవరు వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది.

కృపాకటాక్షం:
ప్రైజ్ ది లార్డ్. దశమభాగం చేతికొచ్చే జీతం మీదా, పీఎఫ్ కటింగు ముందు జీతం మీదా? ఎవరైనా చెప్పగలరు.

పాస్టరుకొడుకు:
అన్నా, కాలువ తవ్వకం దానం కాదు. కూలి. కాంట్రాక్టు డబ్బు సర్కారుది. క్లౌ జేబులోదీ కాదు, సంఘం సంచిలోదీ కాదు. దశమభాగం మాట్లాడుతుంటే కాలువ తవ్వుతారేంటి?

ఒంగోలుగిత్త:
కూలే. అయితే? దొర ఊరుకుంటే ఆ కూలి వాళ్ళకి వచ్చేదా? ఆ కాంట్రాక్టు ఎవడో తీసుకుని సగం నొక్కేసేవాడు.

పాస్టరుకొడుకు:
నేనడిగింది అది కాదు. దానమా, కూలా? ఒక్క మాట చెప్పండి.

ఒంగోలుగిత్త:
దయ. చాలా?

మెదక్‌పిల్ల:
కూలి అంటున్రు గదా, మా మెదక్ గుడి ముచ్చట మర్సిపోతున్రు. మిషనరీ పోస్నెట్ దొర కరువు కాలంల జనానికి పని పెట్టిచ్చి కట్టిచ్చిండు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జేసిన్రు. గా దినాలల్ల గుడి కట్టుడంటేనే అన్నం పెట్టుడు. మా ముసలోళ్ళు గిదే చెప్తరు. గుడికి ఇచ్చిన పైసలు బీదోళ్ళకు పోలేదనుడు అన్నివేళలా నిజం గాదు.

ఒంగోలుగిత్త:
చెల్లెమ్మా, అప్పుడు రాయి మోసినోడు తిన్నాడు. ఇప్పుడు రెడీమిక్స్ లారీ వచ్చి ఒక్క పూటలో స్లాబ్ పోసి పోతుంది. పైన ఏసీ, ముందు ఎల్‌ఈడీ తెర. ఎవడి కడుపు నిండింది?

పాస్టరుకొడుకు:
మీరు టీవీలో చూసే గుడులు వేరు అన్నా. మా నాన్నగారు చేసిన మూడు ఊళ్ళ గుళ్ళలో ఒకదానికి ఇప్పటికీ కరెంటు మీటరు పక్కింటివాళ్ళ పేరు మీదే ఉంది. ఎల్‌ఈడీ తెరలు చూపించి వాళ్ళ నోటి దగ్గర కూడు లాగొద్దు.

డాలస్_విశ్వాసి:
ఇక్కడ చర్చికిస్తే పన్ను మినహాయింపుకి రసీదు వస్తుంది. పక్కింటాయనకిస్తే రాదు. మా సంఘంలో దశమభాగం చర్చ సగం అక్కడే తేలిపోతుంది.

లూథరన్‌బిడ్డ:
గుంటూరు మనిషిగా ఒక మాట. మిషనరీ కుగ్లర్ డాక్టరమ్మ 1883లో వచ్చింది, ఆస్పత్రి 1898లో తెరిచారు. వెనక ఉన్నది ఎక్కడో అమెరికాలో లూథరన్ స్త్రీల సమాజాలు పోగుచేసిన చందాలు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఎవరి పక్కింటివాళ్ళకి వాళ్ళు ఇచ్చుకుని ఊరుకుంటే ఆ ఆస్పత్రి లేదు. చేత్తో ఇచ్చేదానికి ఒక హద్దుంటుంది. ఒక్కో ఆటో చార్జీ ఇవ్వగలం గానీ డయాలసిస్ మిషను కొనలేం.

అపొస్తలుల కార్యాలు 6 కూడా చూడండి. యెరూషలేము సంఘంలో ఉమ్మడి నిధి ఉంది, భోజనాల దగ్గర తమ విధవరాండ్రను పట్టించుకోవట్లేదని గొడవా వచ్చింది. నిధి ఎత్తేశారా? లేదు. నమ్మకమైన ఏడుగురిని పెట్టారు. సంఘంలో లెక్క బాగోలేకపోతే కమిటీలో కూర్చుని అడగాలి. సంచి మానేయడం దానికి మందు కాదు.

నాస్తికరావు:
దేవుడూ పదోవంతూ లేకుండా కూడా ఆవిడకి ఆటో డబ్బులివ్వొచ్చండి. ఊరికే చెప్తున్నా.

కృపాకటాక్షం:
నాస్తికరావు గారూ, మరి మీరెంత ఇస్తున్నారు?

షారోను_రోజా:
మగవాళ్ళంతా ఖాతాల దగ్గరే ఆగిపోయారు. డయాలసిస్ అంటే కుర్చీలో నాలుగు గంటలు. అయ్యాక బీపీ పడిపోతే కళ్ళు తిరుగుతాయి, ఒంటరిగా ఆటో ఎక్కలేరు. మా అత్తగారికి చూశాను. ఆయన కూలి పోయేది తోడుగా వెళ్ళినందుకే అని సిస్టర్ రాసింది. తోడు ఎవరైనా వెళ్తే ఆ కూలి నిలుస్తుంది కదా. దీనికి మలాకీ అక్కర్లేదు, మా స్త్రీల కూడిక చాలు. సిస్టర్, ఏ రోజులు? నేనుండేది గుంటూరే.

ఒంగోలుగిత్త:
లూథరన్ గారూ, కమిటీలో కూర్చుని అడగాలంటున్నారు. అడిగినవాణ్ణి ఏం చేస్తారో తెలుసా? మార్కు 7లో కొర్బాను అని ఉంది. దేవుడికి ఇచ్చేశానని చెప్పి అమ్మానాన్నలకి పెట్టాల్సింది ఎగ్గొట్టినవాళ్ళని ప్రభువు కడిగేశాడు. మన కమిటీలు దాన్ని తిరగేసి, దేవుడికి బాకీ ఉన్నావు కాబట్టి మీ నాన్న సంగతి తర్వాత అంటాయి.

పాస్టరుకొడుకు:
ఏ కమిటీ అన్నది అలా? ఊరికే బురద చల్లకండి. అసలు మీరు మీ సంఘంలో చందా కడుతున్నారా? దశమభాగాన్ని తిట్టేవాళ్ళలో సగం మంది సంచి రాగానే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టేవాళ్ళే. చిన్నప్పట్నుంచీ చూశాను.

ఒంగోలుగిత్త:
కట్టట్లేదు. ఎందుకో విను. మా నాన్న పోయిన రోజు సమాధి తవ్వాలంటే చందా బాకీ తీర్చి రసీదు తెమ్మన్నారు. మంచంలో ఉన్న రెండేళ్ళూ కట్టలేకపోయాడు. ఆ రెండేళ్ళలో వచ్చి తలుపు తట్టిన పెద్ద ఒక్కడు లేడు. శవం ఇంట్లో ఉండగా నేను అప్పుకి తిరిగాను. డబ్బిచ్చింది మా వీధి చివర టీ కొట్టు సాయిబు. రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది. నన్ను చందా అడగాలంటే ముందు ఆ రసీదు చదువు.

మెదక్‌పిల్ల:
అయ్యో అన్నా.

లూథరన్‌బిడ్డ:
అది ఘోరమే. కానీ ఒక సంఘం చేసిన దానికి అన్ని సంఘాలనీ...

ఒంగోలుగిత్త:
ఆ చుక్కలు పెట్టి మాట్లాడొద్దు సార్.

పాస్టరుకొడుకు:
అన్నా, మీ నాన్నగారి విషయంలో జరిగింది పాపం. నేను సమర్థించను. కానీ ఇటువైపు కూడా వినండి.

మేం నలుగురు పిల్లలం. నాన్నగారు సైకిలు మీద మూడు ఊళ్ళు తిరిగేవారు. సంచిలో పడిన దాంతో, సంఘంలో అమ్మలు రోజూ తీసి ఉంచే గుప్పెడు బియ్యంతో మా ఇల్లు గడిచింది. ఆ బియ్యంలో ఎవరి గుప్పెడు ఎవరిదో తెలీదు. ముతకవీ సన్నవీ కలిసిపోయి ఉండేవి. ఆ అన్నం తిని ఎవరి ముందూ తల దించుకోలేదు.

అదే ఊళ్ళో ఒకాయన సంచిలో పైసా వెయ్యడు. "నేను నేరుగా చేస్తాను" అనేవాడు. ఒక పండక్కి మాకు వాళ్ళబ్బాయి పాత చొక్కాలు ఇచ్చాడు. నేను ఇంజనీరింగ్ చదివేదాకా, ఎక్కడ కనపడినా, పదిమంది ముందు, "వీడికి బట్టలు తొడిగింది మేమే" అనేవాడు. నా పెళ్ళిలో కూడా అన్నాడు. చేత్తో ఇవ్వడం గొప్పని మీరంతా రాస్తుంటే నాకు ఆ చొక్కా గుర్తొస్తుంది. ఇచ్చేవాడికి బాగానే ఉంటుంది. తీసుకున్నవాడు ఆ వీధిలో ఇంకా బతకాలి. సంచిలోంచి వచ్చినదానికి దండం పెట్టించుకునేవాడు ఉండడు. నాకు మలాకీ కన్నా అదే ముఖ్యం, నిజం చెప్పాలంటే.

ఒంగోలుగిత్త:
మరి ఇది మొదటే చెప్పొచ్చుగా. పొద్దుట్నుంచీ లేవీయులూ కూలీ అంటూ నా ప్రాణం తీశావు.

కానీ సంచికి పేరుండదంటే నేనొప్పుకోను. స్లాబ్‌కి ఇచ్చినవాడి పేరు గ్రానైటు మీద చెక్కుతారు. ఫ్యాను ఇచ్చినవాడి పేరు ఫ్యాను రెక్క మీదుంటుంది, తిరిగేటప్పుడు కనపడదు గానీ. కోతకాలం పండగలో గుమ్మడికాయ వేలం పాడితే ఎవడు ఎంతకు పాడాడో ఊరంతా తెలుస్తుంది.

పాస్టరుకొడుకు:
గుమ్మడికాయ వేలం సరదా. దాన్ని కలపకండి.

ఒంగోలుగిత్త:
పాడలేనివాడికి సరదా కాదు.

మార్త_తెనాలి:
నేను ఒక ప్రశ్న అడిగితే ఇంత దూరం వెళ్ళింది. పాస్టరుకొడుకు తమ్ముడూ, ఆ చొక్కా మాట నాకు గుచ్చుకుంది. ఆవిడకి కవరు ఇచ్చేటప్పుడు "దేవుడిచ్చాడు, తీసుకో" అన్నాను. అందులో నేనెంత ఉన్నానో ఆలోచిస్తున్నాను. వాళ్ళు గుడికి వచ్చేవాళ్ళు కాదు. మొన్న ఆయన నన్ను చూసి బండి దిగి నమస్కారం పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ దిగలేదు.

ఇంట్లో గొడవకి అసలు కారణం మొదట రాయలేదు. మా సంఘంలో నెలాఖరు ఆదివారం దశమభాగం ఇచ్చినవాళ్ళ పేర్లు చదువుతారు. ఆ లిస్టు రాసేది, చదివేది మావారే. ఆయన కోశాధికారి. ఈ నెల నా పేరు లేకుండా ఆయనే చదవాలి. వాక్యం సంగతి ఆ తర్వాతే వచ్చింది.

రోజా సిస్టర్, మంగళ, గురు, శని. పొద్దున ఏడింటి షిఫ్టు. గురువారం మీకు కుదిరితే నేను శనివారం చూసుకుంటాను. ఆయనకి డబ్బిస్తున్నట్టు కాకుండా మనం వెళ్తున్నట్టు చెప్తాను.

షారోను_రోజా:
గురువారం నాది. నంబరు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ వద్దు.

ఒంగోలుగిత్త:
పేర్ల లిస్టా! తమ్ముడూ, విన్నావా? మైకులో చదువుతారంట. నీ సంచిలో పేరు లేదన్నావు.

పాస్టరుకొడుకు:
విన్నాను. పేర్లు చదవడం తప్పని మా నాన్నగారు కూడా అనేవారు. ఒక ఏడాది ఆపించారు. ఆ ఏడాది కానుకలు సగానికి పడ్డాయి.

ఒంగోలుగిత్త:
అంటే పేరు లేకపోయినా సగం మంది ఇచ్చారన్నమాట. వాళ్ళ డబ్బుతోనే నడపాల్సింది.

పాస్టరుకొడుకు:
ఆ ఏడాది దాంతోనే నడిపారు. ఎలా నడిచిందో మా అమ్మని అడగండి. మరుసటేడు పేర్లు చదవమని నాన్నగారి దగ్గరికొచ్చి చెప్పింది కమిటీ కాదు, ఆవిడే.