సమస్యాపూరణం: స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప

నిర్వాహకుడు, మల్కాజిగిరి:

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య మా ఇంట్లోనే పుట్టింది. మా అబ్బాయి పై చదువుకు వేరే ఊరు వెళ్ళిన తరువాత హాలులో ఉన్న 60 లీటర్ల అక్వేరియంను 7 నెలల పాటు ఎవరమూ సరిగా పట్టించుకోలేదు. ఆకులు కుళ్ళి, ఫిల్టర్ స్పాంజి నల్లబడి, గాలి బుడగలు కూడా సన్నగిల్లిన ఆ తొట్టిలో రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు మోలీలు ఎలాగో ప్రాణాలు నిలుపుకొంటూ వచ్చాయి. పోయిన ఆదివారం మనసు నొచ్చి, పాత నీరంతా తోడి పారబోసి, గులకరాళ్ళనూ స్పాంజినీ నల్లా కింద తోమి, తొట్టిని బోరు నీటితో నింపాను. తొట్టి అద్దంలా మెరిసింది. మరునాటి ఉదయానికి పెద్ద గోల్డ్ ఫిష్ చనిపోయి తేలింది. ఆ దుఃఖంలో నోటికి వచ్చిన పాదమే ఈ సమస్య; ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప

ఛందస్సు తేటగీతి, నాలుగు పాదాలకు మించి మాలికగా పెంచినా అభ్యంతరం లేదు. యతి విషయంలో సందేహం రాకుండా ముందే చెబుతున్నాను: ‘స్వ’లోని సకారానికీ ‘జచ్చె’లోని జకారానికీ మైత్రి చెల్లుతుంది. ఒక్క విన్నపం. ఎక్కడో పురాణంలోని మత్స్యం మీదికి వెళ్ళకుండా, ఇంటి తొట్టిలో నిజంగా జరిగే కారణాన్నే పూరణలో చెప్పండి. మిగిలిన ఐదు చేపలను బ్రతికించుకోవడానికి మీ పద్యాలు నాకు అక్కరకు రావాలి.

మెహదీపట్నం సభ్యుని పూరణ:

పంపు నీటిని బకెటుతోఁ బట్టి పోసి,
క్రిములఁ జంపెడి క్లోరిను కినిసి మొప్ప
లంటి కాల్చఁగ, మలినమే కంటఁ బడని
స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప

నిర్వాహకుడు:

బాగున్నదండీ. మూడవ పాదంలో ‘లంటి–కంటఁ’ ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలవడం) చక్కగా అమరింది. అయితే ‘మొప్పలంటి’ అనగానే మొప్పల వంటి అనే అర్థం ముందుగా తోస్తుంది. మీరు ఉద్దేశించినది మొప్పలను అంటి అని. ద్వితీయా విభక్తి స్పష్టంగా కనబడేలా ఇలా సవరించుకోవచ్చు.

క్రిములఁ జంపెడి క్లోరిను కినిసి వచ్చి
మొప్పలనుఁ గాల్చ, మాలిన్య మొకటి లేని

విషయం నిజమే. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు శుద్ధి అయి మన నల్లాలకు చేరేసరికి క్లోరిన్ కొంత మిగిలి ఉండాలి. తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. మనకు రక్ష అయిన ఆ క్లోరినే చేప మొప్పలకు నిప్పు. బకెట్లలో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్‌తో చేసిన యాంటీ క్లోరిన్ చుక్కలు పనిచేస్తాయి. కాని నేను తొట్టి నింపింది బోరు నీటితో కనుక మా చేప మరణానికి ఈ పద్యం పూర్తిగా సమాధానం కాదు.

తార్నాక సభ్యురాలి పూరణ:

జిగట యని రోసి స్పాంజినిఁ జేత నులిమి
పంపు ధారలోఁ గడుగఁగఁ, బాచి తోడ
మేలి క్రిములెల్ల నశియింప మించె విషము;
స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప

నిర్వాహకుడు:

అమ్మా, పద్యం చదివి కాసేపు మౌనంగా కూర్చున్నాను. నేను చేసిన పనిని చూసి వ్రాసినట్టే ఉన్నది. ‘మేలి క్రిములు’ అన్న మాట ఈ పద్యానికి ప్రాణం, ఎందుకంటే క్రిమి అనగానే చంపదగినది అనుకునే అలవాటును ఆ ఒక్క విశేషణం తిప్పివేసింది. యతులన్నీ సరిపోయాయి. ‘స్పాంజి’ వంటి అన్యదేశ్యాలు గణంలో ఇంత సహజంగా ఇమిడినప్పుడు వాటికి తెలుగు మాట వెదకనక్కరలేదు.

సైదాబాద్ మాస్టారు:

అన్యదేశ్యాల ప్రస్తావన వచ్చింది కనుక, ‘ఫిల్టర్’ మాట గురించి నాదొక మనవి. పత్రికలలో దీనిని ‘వడపోత యంత్రం’ అని వ్రాస్తారు. టీ వడపోసినట్టు చెత్తను ఆపడం దాని పనిలో చిన్న భాగం మాత్రమే. దాని అసలు పని క్రిములకు ఇల్లు కావడం. చేపలు మొప్పల ద్వారా వదిలే అమోనియాను, మిగిలిన మేత కుళ్ళి పుట్టే అమోనియాను, స్పాంజిని అంటిపెట్టుకొని ఉండే నైట్రోసోమోనాస్ వంటి క్రిములు నైట్రైట్‌గా మారుస్తాయి. ఆ నైట్రైట్‌ను నైట్రోస్పైరా వంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు ప్రాణాంతకాలు, మూడవది చాలా ఎక్కువైతే తప్ప ప్రమాదం కాదు. 1890 ప్రాంతంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఈ జాతి క్రిములను విడదీసి చూపేదాకా నేలలోనూ నీటిలోనూ ఈ మార్పును చేసేది ఎవరో స్పష్టం కాలేదు. ‘వడపోత’ అని పిలిచినంత కాలం మనం దానిని తోమి మెరిపించాలనే అనుకుంటాము. అందుచేత తార్నాక సోదరి స్పాంజి మీది జిగటనే పద్యానికి తొలి మాటగా తీసుకోవడం నాకు చాలా నచ్చింది.

కూకట్‌పల్లి విద్యార్థి పూరణ:

క్రొత్త ఫిల్టరుఁ దగిలించి యొక్కనాఁడె
వేడ్క మీనాల నన్నింటి విడువఁ గానె
కానరాని యమోనియా గరళ మయ్యె;
స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప

నిర్వాహకుడు:

నాయనా, మూడవ పాదం ఈ వారానికే మణిపూస. ‘కానరాని–గరళ’ యతి, నడుమ అమోనియా ఒదిగిన తీరు, రెండూ ప్రశంసనీయం. కాని మొదటి పాదంలో ‘క్రొ’కు ‘యొ’తో యతి లేదు. స్వరాలు కలిసినా హల్లులకు మైత్రి లేదు. ‘త్త–క్క’ ప్రాసయతి కూడా కాదు. ‘తగిలించి కొన్ననాఁడె’ అంటే యతి కుదురుతుంది, కొన్న రోజే చేపలను వదిలిన తొందరపాటు కూడా పద్యంలోకి వస్తుంది. కొత్త ఫిల్టర్‌లో ఆ క్రిములు చాలినంతగా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు నీరు స్ఫటికంలా కనబడుతుంది, విషం కనబడదు.

సైదాబాద్ మాస్టారి పూరణ (మాలిక):

ఏఁడు మాసాలు తొట్టిని నెవరుఁ గనక
యామ్లమై నీరు మాఱఁగా నణఁగియున్న
విషము, బోరునీ రొకసారె వెల్లి గాఁగ
నిదురఁ బోయిన పామట్లు నిక్కి లేచె;
స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప

దీనికి కొంత వివరణ అవసరం. అమోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని నీటిలోని బైకార్బొనేట్ అణచి ఉంచుతుంది. నెలల తరబడి నీరు మార్చకపోతే ఆ నిల్వ కరిగిపోయి, పీహెచ్ (7 కన్నా తగ్గితే నీరు ఆమ్లం, పెరిగితే క్షారం) క్రమంగా 6 దగ్గరకు దిగుతుంది, అప్పుడు ఆ మేలి క్రిములు కూడా బాగా మందగిస్తాయి. అమోనియా పేరుకుంటుంది, అయితే ఆమ్లపు నీటిలో అది దాదాపు అంతా అమ్మోనియం అనే, విషం బాగా తక్కువైన రూపంలో ఉండిపోతుంది కనుక చేప తట్టుకొంటుంది. అటువంటి తొట్టిలోకి క్షారగుణం ఉన్న మన బోర్ల కఠిన జలం ఒక్కసారిగా చేరితే పీహెచ్ ఎగబాకుతుంది. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్నప్పుడు నూటికి ఒక పాలు కూడా ఉండని విషరూపం, అంటే అమోనియా, పీహెచ్ 8 అయ్యేసరికి నూటికి సుమారు 5 పాళ్ళు అవుతుంది. పాత నీరు తోడిపోసినా రాళ్ళ సందుల్లోని బురదలో మిగిలినది, కొత్తగా చేపలు వదిలేది, అంతా ఆ రూపంలోకే తిరుగుతుంది. దానిని ఆపవలసిన స్పాంజిని నిర్వాహకులు అదే రోజు తోమివేశారు. ఇంత హఠాత్తుగా మారిన నీరు కూడా చేపకు పెద్ద దెబ్బే.

నిర్వాహకుడు:

మాస్టారూ, మా చేప మరణానికి నిజమైన కారణం మీ మాలికలో ఉన్నది, దాని తోడుకారణం తార్నాక వారి పద్యంలో ఉన్నది. నిద్రపోయిన పాము అన్న ఉపమానం అలంకారం కోసం తెచ్చినది కాదు. అమ్మోనియం అమోనియాగా మారే తీరుకు అంతకన్నా దగ్గరి పోలిక నాకు తట్టడం లేదు. ‘కనక యామ్లమై’ దగ్గర పాదం విరిగినచోట చదువరి ఒక్క క్షణం తడబడవచ్చు, అంతకుమించి దోషం చెప్పలేను.

ఇప్పుడు మిగిలిన ఐదింటి మాట చెప్పండి.

తార్నాక సభ్యురాలు:

ముందుగా రెండు రోజులు మేత ఆపండి. మేత తగ్గితే అమోనియా తగ్గుతుంది, ఆ రెండు రోజులూ చేపలు ఆకలికి తట్టుకొంటాయి. ఎయిర్ పంప్ పగలూ రాత్రీ ఆడించండి, ఎందుకంటే ఆ క్రిములకు ప్రాణవాయువు చాలా కావాలి, మన వేసవిలో వేడెక్కిన నీటిలో అది ఎలాగూ తక్కువ. కరెంటు పోయి మూసి ఉన్న ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి క్రిములు ఊపిరాడక చస్తాయి. అందుకే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. అడుగు బురదను పైపుతో ఒక్కో మూల నుంచి ఒక్కో రోజు తీయండి. స్పాంజి మళ్ళీ మూసుకుపోతే తొట్టిలోంచి తీసిన నీటినే బకెట్‌లో పోసి, అందులో మెల్లగా పిండండి. ఫిల్టర్‌లో ఆ క్రిములు పట్టి ఉండే సెరామిక్ రింగులు కూడా ఉంటే వాటిని అదే రోజు ముట్టుకోవద్దు. మరొక మాట, కఠినంగా అనిపిస్తే మన్నించండి: గోల్డ్ ఫిష్‌కు 60 లీటర్లు ఇరుకు. మిగిలిన దానికైనా పెద్ద తొట్టి చూడండి.

ఈ మాటలనే పద్యంలో పెట్టాను.

పదవ వంతె మార్చుచు నీరుఁ బ్రతిదినమ్ము,
స్పాంజిఁ దొట్టి నీటనె ముంచి చక్కఁ బిండి
యోపికను మేపు నింటిలో నొకటి యేని
స్వచ్ఛమైనట్టి నీటిలోఁ జచ్చెఁ జేప?

మెహదీపట్నం సభ్యుడు:

సమస్యను ప్రశ్నగా మార్చి కాకువుతో, అంటే గొంతు మార్పుతో అర్థాన్ని తిప్పి, పూరించడం అందంగా ఉన్నదమ్మా. ‘ఒకటి యేని’ నాలుగవ పాదం చివరి ‘చేప’తో అన్వయించడం దూరాన్వయం అనవచ్చునేమో గాని, ప్రశ్నార్థకం ఆ దూరాన్ని మోస్తున్నది.

నిర్వాహకుడు:

దూరాన్వయం పెద్ద దోషంగా నాకు తోచలేదు. ఈ సాయంకాలం టెస్ట్ కిట్‌తో చూశాను: అమోనియా ఇంకా ఉన్నది, నైట్రైట్ ఇప్పుడిప్పుడే కనబడుతున్నది.

సైదాబాద్ మాస్టారు:

నైట్రైట్ కనబడిందంటే మొదటి జాతి క్రిములు మేల్కొంటున్నాయి. అయితే అది చేప రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తీసివేస్తుంది. ఉప్పులోని క్లోరైడు దానిని మొప్పల దగ్గర కొంత అడ్డుకొంటుంది కాబట్టి, లీటరుకు ఒక గ్రాము చొప్పున కరిగించి కొద్దికొద్దిగా పోయండి. గోల్డ్ ఫిష్, మోలీలు రెండూ దానిని ఓర్చుకొంటాయి.

తార్నాక సభ్యురాలు:

మా తొట్టిలో రెండేళ్ళుగా ఆడుతున్న స్పాంజిలు రెండు ఉన్నాయి, చేపలు ఆరోగ్యంగా ఉన్నాయి. వాటిలో ఒకదానిని మీ ఫిల్టర్ పక్కన పెడితే వారాల పని రోజుల్లో అవుతుంది. ఆదివారం ఉదయం మా తొట్టి నీటిలోనే తడిగా సంచిలో కట్టి ఇస్తాను. తార్నాక నుంచి మల్కాజిగిరి ఎంతో దూరం కాదు. దారిలో ఎక్కడా ఆగకుండా, ఎండ తగలనీయకుండా తీసుకువెళ్ళండి.

నిర్వాహకుడు:

ఆదివారం ఏడు గంటలకల్లా మీ ఇంటికి వస్తానమ్మా.