ప్యాడీమెలన్‌ని తెలుగులో ఏమనాలి?

పిల్లల కోసం ఆస్ట్రేలియా జంతువుల మీద వ్యాసం రాస్తున్నాను. ప్యాడీమెలన్‌కి "చిట్టి కంగారూ" అని పేరు పెడితే బాగుంటుందాండీ?

— వద్దండీ. చిట్టి కంగారూ అంటే పిల్లలు కంగారూ పిల్ల అనుకుంటారు. పైగా పెద్ద కంగారూలది గడ్డిమైదానాల బతుకు. ఇదేమో చిక్కటి అడవిలో ఉండే వాలబీ, అంటే కంగారూల కుటుంబంలోనే చిన్న జంతువు. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. తోక కూడా పొట్టే. పొదల కింద రోజూ అదే దారిన తిరిగి తిరిగి సొరంగాల్లాంటి బాటలు వేసుకుంటుంది. పొద్దువాలాక ఆ బాటల వెంటే అడవి అంచుకి వచ్చి గడ్డి మేస్తుంది. ఏ అలికిడి అయినా వెనక్కాళ్లతో నేలను దబదబా కొట్టి మళ్లీ పొదల్లోకి దూరిపోతుంది.

క్వీన్స్‌లాండ్ వానల అడవుల్లో ఎర్రకాళ్ల రకం ఉంది. రాలిన ఆకులు, పళ్లు ఏరుకుని తింటుంది. అది నిద్రపోయే తీరు మాత్రం మీ వ్యాసంలో తప్పకుండా రాయండి, పిల్లలకి భలే నచ్చుతుంది. తోకని కాళ్ల మధ్య నుంచి ముందుకి చాపి, చెట్టుకో బండకో వీపు ఆనించి కూర్చుంటుంది. కునుకు పట్టగానే తల మెల్లగా వంగి ఆ తోక మీదే వాలుతుంది.

— పేరులో మెలన్ ఉంది కదా, పుచ్చకాయలు తింటుందనా?

— కాదండీ. సిడ్నీ ప్రాంతపు దారుగ్ ప్రజల మాట "బడిమలియన్" ఇంగ్లిషువాళ్ల నోట అలా మారింది. "వాలబీ" కూడా దారుగ్ మాటే. "కంగారూ" మాత్రం ఉత్తరాన గూగు యిమిదిర్ భాషది. 1770లో ఇంగ్లిషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ మరమ్మతు కోసం అక్కడ ఆగినప్పుడు రాసుకున్నారు. దాన్ని మనం మార్చకుండా తీసుకున్నాం కదా, దీన్నీ అలాగే తీసుకుందాం. మొదటిసారి మాత్రం "ప్యాడీమెలన్ అనే అడవి వాలబీ" అని రాస్తే అర్థమైపోతుంది.

— నాకూ ఇదే నచ్చింది. మెల్‌బోర్న్ నుంచి ఒక మాట. టాస్మానియా ప్యాడీమెలన్ ఒకప్పుడు ఇక్కడ విక్టోరియాలోనూ ఉండేది. బయటి నుంచి తెచ్చి వదిలిన నక్కలు, అడవుల నరికివేత కలిసి దాన్ని ఇక్కడ లేకుండా చేశాయి. టాస్మానియా దీవిలో ఇప్పటికీ బోలెడు ఉన్నాయి. కాబట్టి "ఆస్ట్రేలియా అంతటా కనిపిస్తుంది" అని మాత్రం రాయకండి.