కోపం వస్తుంది, భయం వేస్తుంది, మరి ప్రేమ?

మొన్న ఆదివారం విజయవాడలో మా ఇంట ఆరేళ్ళ మనుమరాలు నా ఒడిలో కూర్చుని, “తాతయ్యా, నాకు నీ మీద ప్రేమ వేస్తోంది” అన్నది. అలవాటు కొద్దీ నేను, “ప్రేమ వేయదమ్మా, కలుగుతుంది” అని దిద్దాను. “మరి ఆకలి వేస్తుంది కదా?” అన్నది. అప్పటికి జవాబు తోచలేదు. మన బృందం సభ్యుల ముందు ఈ ప్రశ్న ఉంచుతూ, తరువాత నాకు తోచినంత రాస్తున్నాను.

మన వాడుకలో ఆకలి, చలి, భయం, సిగ్గు, జాలి, ముచ్చట ‘వేస్తాయి’; కోపం, నవ్వు, ఏడుపు బస్సులాగా ‘వస్తాయి’; దిగులు దయ్యంలాగా ‘పట్టుకుంటుంది’; ప్రేమ, ద్వేషం ‘పుడతాయి’. వీటన్నిటిలోనూ మనిషి ‘నాకు’ అంటూ షష్ఠీ విభక్తి చాటున నిలబడి ఉంటాడు, చేసేదంతా ఆ ఉద్వేగమే చేస్తుంది. ‘నాకు కోపం వచ్చింది’ అన్నవాడు, తాను ఇంట్లో ఊరికే కూర్చుని ఉండగా కోపమే చిరునామా వెతుక్కుంటూ వచ్చిందని వాంగ్మూలం ఇస్తున్నట్టే. ఒంటికి చప్పున తెలిసేవాటికి ‘వేయు’ ఎక్కువగా కుదురుతున్నదని నా ఊహ. అలాగైతే ప్రేమను ఆకలి వరుసలో కూర్చోబెట్టిన పిల్ల నాకంటె సరిగానే ఆలోచించింది.

‘పడు’ చేరితే సంగతి మారుతుంది. భయపడినా, సిగ్గుపడినా, బాధపడినా పడేవాడు తానే. కోప్పడడంలో మాత్రం కోపం ఒకరిది, పడేది మరొకరు. ‘ఆమెను ఇష్టపడ్డాడు’, ‘ఆమెను కోప్పడ్డాడు’ అనే రెండు వాక్యాలకూ నిర్మాణం ఒక్కటే కనుక, పెళ్ళికి ముందూ తరువాతా అదే వ్యాకరణంతో గడిచిపోతుంది. ‘ప్రేమలో పడడం’ ఇంగ్లీషు పలుకుబడికి అనువాదం. మన పద్ధతిలో పడేది మనిషి కాదు, మనసు: ‘మనసుపడ్డాడు’ అంటాము. ఇంకాస్త ముదిరితే, బస్టాండులో పర్సు పారేసుకున్నట్టు మనసు పారేసుకుంటాడు. దొరికినవారు తిరిగి ఇవ్వవలసిన పని లేదు.

ఇలా తప్పించుకోవడానికి వీలు లేకుండా సుమతీ శతకకారుడు ‘తన కోపమె తన శత్రువు’ అని మొదలుపెట్టి, శాంతానికీ, సంతోషానికీ, దుఃఖానికీ కూడా ‘తన’ తగిలించాడు. ‘దయ చుట్టంబౌ’ అన్నచోట మాత్రం ‘తన’ లేదు. కందపద్యంలో చోటు చాలక వదిలాడని పండితులు అనవచ్చు గాని, దయ చుట్టమే కనుక ఎప్పుడో వచ్చి, కాఫీ తాగి వెళ్ళిపోతుందని అనుకోవడం నాకు ఇష్టం. ప్రేమ ఊసు ఈ పద్యంలో లేనే లేదు. శత్రువు, రక్ష, చుట్టం, స్వర్గం, నరకం అని ఐదూ విడివిడిగా పంచిపెట్టాక ప్రేమకు వేరే పోలిక మిగలలేదేమో!

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక సభ్యుని స్పందన: అయ్యా, మిరపకాయల ఊరివాడిగా ఒక సవరణ మనవి చేస్తున్నాను. కోపం ఎప్పుడూ బయటినుంచే రాదు. ఒళ్ళు మండుతుంది, ఓర్వలేకపోతే కడుపు మండుతుంది, ఎదుటివారి మీద మండిపడతాము. మంట లోపలే పుడుతుంది. ‘కారాలు మిరియాలు నూరడం’ అనే మాటలోనైతే మనిషి షష్ఠీ విభక్తి వదిలిపెట్టి స్వయంగా రోలు ముందు కూర్చుంటాడు. చేయి నొప్పి పుట్టేదాకా నూరే ఓపిక ఉన్నవాడు ‘కోపం దానంతట అదే వచ్చింది’ అంటే ఎవరు నమ్ముతారు?

దానికి నా జవాబు: మీ సవరణ శిరోధార్యం. దీనిని ఇంట్లో చదివి వినిపించగా మనుమరాలు, “అయితే తాతయ్యకు కోపం ఎక్కడినుంచి వస్తుంది?” అని అడిగింది. మా ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, “గుంటూరు నుంచే, ఆయన పుట్టింది అక్కడేగా” అన్నది.